ఏడో నంబరు బేరింగ్ ఎందుకు పోతోంది: జీడిమెట్ల డీజీ సెట్ రిపేరు డైరీ

మే మూడో వారం, సోమవారం

హైదరాబాద్ జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ వాళ్ల డీజీ సెట్, అంటే డీజిల్ జనరేటర్ ఇది. ఆరు సిలిండర్లు వరుసగా ఉండే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, టర్బోఛార్జర్ ఉంది, నిమిషానికి 750 చుట్లు. దాంతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కి 8 పోళ్లు (అయస్కాంత ధ్రువాలు), కాబట్టి 750 దగ్గర 50 హెర్ట్జ్ వస్తుంది. అపార్ట్‌మెంట్ల సెల్లార్లో ఉండే జనరేటర్లు మాత్రమే చూసినవాళ్లు దీని పక్కన నిలబడితే కాసేపు అలా చూస్తూ ఉండిపోతారు. ఇంజిన్ కింది పెట్టె, అంటే క్రాంక్‌కేస్ తలుపు తీస్తే మనిషి తల, భుజాలు లోపలికి పెట్టి పని చేయొచ్చు. ఓడల్లో కరెంటు కోసం పెట్టేది కూడా ఈ తరహా ఇంజిన్లే. ఓడల మీద ఉన్నప్పుడు నా చేయి తిరిగింది వీటి మీదే.

2012, 2013 పవర్ హాలిడేల కాలంలో ఈ సెట్ రాత్రింబవళ్లు నడిచిందని లాగ్ బుక్ చెబుతోంది. ఇప్పుడు కరెంటు పోతేనే దీనికి పని. కానీ పోయిన ఆ కాసేపూ ఇది నడిచి తీరాలి. మందు తయారయ్యే రియాక్టర్లలో సరుకుని కలిపే అజిటేటర్ ఆగిపోయి, చల్లటి బ్రైన్ (ఉప్పునీళ్లు) పంపే పంపు ఆగిపోతే పాడయ్యేది బ్యాచ్ ఒక్కటే కాదు, లోపల వేడి అదుపు తప్పుతుంది. అందుకే స్టాండ్‌బై అనే మాట చూసి దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

సమస్య ఏడో మెయిన్ బేరింగ్. మెయిన్ బేరింగులంటే ఇంజిన్ ప్రధాన ఇరుసు క్రాంక్ షాఫ్ట్‌ని మోసే ఆధారాలు. ఇది షాఫ్ట్ చివరి బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ పక్కన ఉండే చివరిది. ఇంతకుముందు వేరేవాళ్లు దాని షెల్స్ (షాఫ్ట్ చుట్టూ పైనా కిందా కూర్చునే సగం గుండ్రపు లోహపు రేకులు) మార్చి వెళ్లారు, అదీ ఒక్కసారి కాదు. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత అదే బేరింగ్ మళ్లీ వేడెక్కుతుంది. ఈసారి టెంపరేచర్ అలారం మోగింది. ఆయిల్ శాంపిల్ రిపోర్టులో సీసం, రాగి రెండూ పెరిగాయి. సీసం షెల్ పైపొర నుంచి, రాగి దాని కింది కంచు పొర నుంచి వస్తాయి. పైపొర అరిగి కింది పొర దాకా వెళ్లిందని ఇంజిన్ విప్పకుండానే తెలిసిపోయింది.

అలారం మోగినప్పుడు షిఫ్టులో ఉన్న ఆపరేటర్ కుర్రాడి గురించి ఇక్కడ రాసి తీరాలి. లోడు దించాడు, ఇంజిన్ ఆపాడు, తలుపుల జోలికి పోకుండా అందరినీ దూరంగా నిలబెట్టాడు. బేరింగ్ మండిపోయే వేడిలో ఉన్నప్పుడు దాని మీద పడ్డ నూనె ఆవిరై, చల్లటిచోట మళ్లీ పొగమంచులా మారుతుంది. ఆ సమయంలో తలుపు తీస్తే బయటి గాలి లోపలికి దూరుతుంది. గాలి, నూనె మంచు, కాలుతున్న లోహం మూడూ ఒకచోట కలిస్తే పేలుడే. 1947 సెప్టెంబర్లో రీనా డెల్ పసిఫికో అనే ఓడలో ట్రయల్స్ జరుగుతుండగా క్రాంక్‌కేస్ పేలుళ్లకి 28 మంది చనిపోయారు. ఇవాళ పెద్ద ఇంజిన్ల తలుపుల మీద కనిపించే, లోపలి పీడనాన్ని బయటికి వదిలే రిలీఫ్ వాల్వుల వెనక అలాంటి ప్రమాదాల చరిత్ర ఉంది. ఆ కుర్రాడికి ఈ చరిత్ర తెలియకపోవచ్చు. గోడ మీద అతికించిన సూచన చదివి, టెన్షన్‌లో కూడా దాన్ని గుర్తుపెట్టుకుని పాటించాడు. ప్లాంట్ హెడ్ ముందు అతన్ని పేరుపెట్టి మెచ్చుకున్నాను.

కొత్త షెల్స్ సెట్ స్టోర్‌లో సిద్ధంగా ఉంది. వెంటనే వేసేయమని మేనేజ్‌మెంట్ ఒత్తిడి. వేయనని చెప్పాను. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టు ఇప్పటికే జరిగింది. బేరింగ్ మీద పడకూడని బరువు ఎక్కడినుంచి పడుతోందో తేలేదాకా ఒక్క నట్టు కూడా విప్పేది లేదు. విప్పితే సాక్ష్యం పోతుంది.

మంగళవారం, తెల్లవారుజామున

డిఫ్లెక్షన్ రీడింగులు, అంటే షాఫ్ట్ ఎంత వంగిందో చెప్పే కొలతలు తీయడానికి వేకువజామునే వచ్చాం. మధ్యాహ్నమైతే పడమటి గోడ వైపు రేకుల షెడ్డు కాలిపోతుంది, ఇంజిన్‌కి ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన. వందో వంతు మిల్లీమీటర్లు కొలిచే పనిలో ఆ తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

ముందు ఇంజిన్‌ని స్టార్ట్ చేసే గాలి లైను మూసి, ఆ గాలి సిలిండర్ల దగ్గర తాళం వేసి, తాళం చెవి నా జేబులో పెట్టుకున్నాను. ఇంజిన్ సిలిండర్ల లోపలి గాలి బయటికి పోయేలా ఇండికేటర్ కాక్‌లు అన్నీ తెరిచాం. బేరింగులకి ముందుగా నూనె పంపే ప్రీలూబ్ పంపు కాసేపు నడిపి ఆపాం. షాఫ్ట్‌ని మెల్లగా తిప్పే టర్నింగ్ గేర్ తగిలించాం.

ఈ కొలత ఎప్పుడూ చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టంతా దీని మీదే నిలబడింది. క్రాంక్ షాఫ్ట్ కంటికి బండ ఇనుములా కనిపిస్తుంది గానీ అది వంగుతుంది. ఒక్కో సిలిండర్ కింద షాఫ్ట్‌కి ఉండే మెలికే క్రాంక్; దాని రెండు పక్క పలకలు వెబ్‌లు, వాటిని కలుపుతూ కనెక్టింగ్ రాడ్ పట్టుకునే భాగం క్రాంక్ పిన్. బేరింగులన్నీ ఒకే వరుసలో ఉంటే షాఫ్ట్ తిరిగేటప్పుడు ఒక్కో క్రాంక్ రెండు వెబ్‌ల మధ్య దూరం దాదాపు మారదు. ఎక్కడో ఒక ఆధారం కిందికి జారితే షాఫ్ట్ అక్కడ వంగుతుంది, తిరిగేకొద్దీ ఆ రెండు వెబ్‌లు దగ్గరికి వస్తాయి, దూరం జరుగుతాయి. క్రాంక్ పిన్‌కి ఎదురుపక్క వెబ్‌ల మీద చిన్న పంచ్ గుర్తులు ఉంటాయి. వాటి మధ్య డయల్ గేజ్ బిగించి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే మెల్లగా తిప్పుతూ ఐదుచోట్ల చదువుతాం. పిన్ సరిగ్గా అడుగున ఉన్నప్పుడు కనెక్టింగ్ రాడ్ గేజ్‌కి అడ్డం వస్తుంది, అందుకని అడుగున దానికి ఇటొకటి అటొకటి తీసి సగటు కడతాం. పిన్ పైనున్నప్పటి రీడింగులోంచి ఆ సగటు తీసేస్తే నిలువు డిఫ్లెక్షన్. వెబ్‌లు తెరుచుకుంటే ప్లస్, మూసుకుంటే మైనస్.

గేజ్ పెట్టేది మా ఉస్తాద్. ఈ ఊరి షెడ్డుల్లో సీనియర్ ఫిట్టర్‌ని అలాగే పిలుస్తారు. గేజ్ బిగించాక వేలితో ఒకసారి చిన్నగా తిప్పుతాడు, ముల్లు కదిలి మళ్లీ సున్నాకి వస్తేనే సరిగ్గా కూర్చున్నట్టు. రాకపోతే మళ్లీ మొదటినుంచి. పక్కన టార్చ్ పట్టుకున్న హెల్పర్ తమ్ముడు తొందరపడుతుంటే, "ఆగు బేటా, ముల్లు అబద్ధం చెప్పదు, మనం తొందరపడితే మనమే దాంతోని చెప్పిస్తం" అన్నాడు.

వందో వంతు మిల్లీమీటర్లలో నిలువు రీడింగులు: ఒకటో క్రాంక్ −1, రెండు +1, మూడు 0, నాలుగు −1, ఐదు +2, ఆరు −9. ఈ ఇంజిన్ మాన్యువల్లో ఫ్లైవీల్ పక్కనున్న క్రాంక్‌కి చల్లగా ఉన్నప్పుడు ఉండాల్సిన హద్దుకి ఇది చాలా బయట ఉంది. నమ్మకం కుదరక ఆరో క్రాంక్ మళ్లీ తీయించాను. మళ్లీ అదే వచ్చింది.

ఆరు మైనస్ తొమ్మిది అంటే ఏమిటి? పిన్ పైన ఉన్నప్పుడు గేజ్ కిందిపక్క ఉంటుంది. అక్కడ వెబ్‌లు మూసుకుంటున్నాయంటే షాఫ్ట్ చివర వీపు పైకి లేచినట్టు వంగి ఉంది. ఏడో బేరింగ్ మీద ఆని, దాని అవతల ఫ్లైవీల్ వైపు కిందికి లాగుతోంది. ఏడో బేరింగ్ తనంతట తాను కిందికి అరిగి ఉంటే గుర్తు దీనికి తలకిందులుగా, ప్లస్‌లో రావాలి. కాబట్టి అవతల ఆల్టర్నేటర్ కిందికి దిగింది, ఆ బరువంతా ఏడో బేరింగ్ అంచు మోస్తోంది. ఐదో క్రాంక్‌లో చిన్న ప్లస్ రావడం కూడా దీనికి సరిపోతుంది, ఒక ఆధారం అవతల కిందికి నొక్కితే దాని ఇవతలి భాగం కొద్దిగా ఎదురు వంపు తిరుగుతుంది.

ఇప్పటిదాకా వచ్చినవాళ్లు బేరింగ్ తప్పు అనుకున్నారు. తప్పు బేరింగ్‌ది కాదు, దాని అవతల ఉన్నదానిది.

బుధవారం

ఒక్క కొలత మీద ఆధారపడి ఆల్టర్నేటర్‌ని కదిలించకూడదు. రెండో సాక్ష్యం కావాలి.

ఇది సింగిల్ బేరింగ్ ఆల్టర్నేటర్. లోపల తిరిగే భాగం రోటర్, దాని చుట్టూ కదలకుండా ఉండేది స్టేటర్. రోటర్ ఒక చివర నేరుగా ఫ్లైవీల్‌కి బోల్టులతో బిగించి ఉంటుంది, రెండో చివర దాని సొంత బేరింగ్‌లో ఉంటుంది. అంటే స్టేటర్ కిందికి దిగితే, బేరింగ్ చివర రోటర్ కూడా దాంతో పాటే దిగుతుంది. ఫ్లైవీల్ చివర మాత్రం రోటర్‌ని క్రాంక్ షాఫ్ట్ పట్టుకుని ఉంటుంది కాబట్టి దిగదు. కాబట్టి ఫ్లైవీల్ చివర ఎయిర్ గ్యాప్ (రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య ఖాళీ) పైన తగ్గాలి, కింద పెరగాలి.

పొడుగు ఫీలర్ గేజ్‌తో కొలిచాం. ఫ్లైవీల్ చివర పైన 3.1 మిల్లీమీటర్లు, కింద 4.4. బేరింగ్ చివర పైనా కిందా దాదాపు సమానం. తేడా 1.3, అందులో సగం 0.65. అంటే ఆల్టర్నేటర్ సుమారు ముప్పావు మిల్లీమీటరుకి కాస్త తక్కువ దిగింది. డిఫ్లెక్షన్ చెప్పిన దిశ, ఎయిర్ గ్యాప్ చెప్పిన దిశ ఒకటే అయ్యాయి. ఆ రెండూ కలిసినప్పుడు కలిగిన సంతోషం దాచుకోలేకపోయాను, ఉస్తాద్‌ని పట్టుకుని గట్టిగా చేయి కలిపాను.

ఇక ఎందుకు దిగిందో చూడాలి. ఫౌండేషన్ మొత్తం ఒక పక్కకి కుంగిందేమోనని ప్లాంట్ హెడ్‌కి భయం. అది అయ్యే పని కాదనిపించింది. ఈ షెడ్డు కట్టేటప్పుడు గుంత తవ్వితే కొద్ది లోతులోనే షీట్ రాక్ తగిలిందని, బ్రేకర్లతో కొట్టి లెవల్ చేశారని అప్పటినుంచీ ఇక్కడే ఉన్న సూపర్‌వైజర్ గారు చెప్పారు. హైదరాబాద్‌లో ఇల్లు కట్టిన ఎవరికైనా ఆ గ్రానైట్ సంగతి తెలుసు. రాయి మీద కూర్చున్న కాంక్రీట్ దిమ్మ అంత తేలిగ్గా కదలదు. దిమ్మకీ, ఆల్టర్నేటర్ పాదాలకీ మధ్యలోనే ఏదో జరిగి ఉండాలి.

ఉస్తాద్ సుత్తితో ఫౌండేషన్ బోల్టులు ఒక్కోటీ తట్టుకుంటూ వెళ్లాడు. ఇంజిన్ కింది బోల్టులు గణగణమన్నాయి. ఆల్టర్నేటర్ కింద రెండు బోల్టులు మొద్దుగా, మోత లేకుండా పలికాయి. పాదం మీద డయల్ పెట్టి బోల్టు వదులు చేస్తే ముల్లు జరిగింది, పాదం కింద పట్టు లేదు. దిమ్మకీ పాదానికీ మధ్య నింపిన సిమెంట్‌ని, అంటే గ్రౌట్‌ని ఇనప పలుగు మొన పెట్టి గీకితే పొడిపొడిగా రాలింది.

"సార్, జర గిటు జూడుండ్రి. ఇది సిమెంట్ గాదు, తడి సుద్ద లెక్క అయింది" అన్నాడు ఉస్తాద్. వేలితో నలిపితే నూనె జిడ్డు, లోపలంతా నల్లగా.

కారణం పక్కనే ఉంది. ఆల్టర్నేటర్ చుట్టూ ఉన్న కాలవ తూము దుమ్ముతో, గుడ్డ పేలికలతో పూడుకుపోయింది. ఇంజిన్ వెనక సీల్ నుంచి కారిన నూనె బయటికి పోయే దారి లేక ఏళ్ల తరబడి అక్కడే నిలిచింది. సిమెంట్ గ్రౌట్ ఆ నూనె పీల్చుకుని బలం పోగొట్టుకుంది. కింద పట్టు పోయాక ఇంజిన్ వణుకుడికి పాదం కింద పెట్టిన ఇనప ప్యాకింగులు ఒకదానిమీద ఒకటి రాసుకుని అరిగాయి, వాటి మధ్య ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తోంది. ఇంజిన్ కింద మాత్రం రెజిన్ చాక్‌లు (ద్రవంగా పోస్తే గట్టిపడే ఆధారపు దిమ్మలు), అవి నూనెకి లొంగవు, చెక్కు చెదరలేదు.

శుక్రవారం

ఇప్పుడు బేరింగ్ విప్పొచ్చు.

ఈ ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ ఫ్రేమ్ నుంచి వేలాడుతుంది, బేరింగ్ క్యాప్‌లు కిందినుంచి మోస్తాయి. ఏడో క్యాప్ దించేముందు ఫ్లైవీల్ కింద జాక్ పెట్టి బరువు పట్టించాం. అది లేకుండా దించితే ఫ్లైవీల్ బరువంతా ఆరో బేరింగ్ మీద పడుతుంది. మొదట క్యాప్ పక్కనున్న బోల్టులు, తర్వాత హైడ్రాలిక్ జాక్‌తో మెయిన్ స్టడ్‌లు లాగి నట్లు వదులు చేసి, క్యాప్ మెల్లగా దించాం. కింది షెల్ క్యాప్‌తో పాటు వచ్చింది. పై షెల్‌ని, జర్నల్ (బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగం) ఆయిల్ రంధ్రంలో పిన్ పెట్టి, షాఫ్ట్ తిప్పి బయటికి తెచ్చాం.

బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి పెట్టి చూశాం. కింది షెల్‌కి ఫ్లైవీల్ వైపు అంచున నెలవంక ఆకారంలో రాగి ఎరుపు. బూడిదరంగు పైపొర అక్కడ పూర్తిగా పోయింది, ఎరుపు చుట్టూ పొర పక్కకి పూసినట్టు జరిగి ఉంది. ఎదురు అంచు మాత్రం పెట్టెలోంచి ఇప్పుడే తీసినట్టు మసకగా, శుభ్రంగా. నూనె సరిగ్గా అందకపోతే షెల్ అంతా అరుగుతుంది, ఇలా ఒక్క అంచు మాత్రమే అరగదు. నూనెలో చెత్త ఉంటే చుట్టూ గీతలు పడతాయి. అవీ లేవు.

స్టోర్ కీపర్ గారిని అడిగితే బీరువా అడుగునుంచి పాత షెల్స్ తెచ్చి ఇచ్చారు, పేపర్లో చుట్టి ఉన్నాయి. ఇంతకుముందు మార్చినప్పుడు తీసినవి. విప్పి వరుసగా పెడితే అన్నిటికీ అదే అంచు, అదే నెలవంక. పడేయకుండా దాచిన ఆయనకి నిజంగా చేతులెత్తి దండం పెట్టాలి. తీసిన భాగాన్ని స్క్రాప్‌కి పంపేముందు ఎందుకు పోయిందో చదవాలి. దాని మీద అంతా రాసి ఉంటుంది. ప్లాంట్ హెడ్ ఆ షెల్స్ చూశాక ఆల్టర్నేటర్ ఎత్తడానికి ఇంకో ప్రశ్న వేయకుండా అనుమతి ఇచ్చారు.

శనివారం

జర్నల్ పరీక్ష. ఒకసారి గట్టిగా వేడెక్కిన జర్నల్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి వదిలేస్తే సరిపోదు. వేడెక్కి ఒక్కసారిగా చల్లారినచోట ఉక్కు గట్టిపడి పెళుసవుతుంది, తర్వాత పగులు అక్కడే మొదలవుతుంది. బాలానగర్ నుంచి టెస్టింగ్ మనిషి వచ్చి పోర్టబుల్ మిషన్‌తో చుట్టూ గట్టిదనం చూశాడు, ఎక్కడా తేడా లేదు. పగుళ్లని చూపించే రంగు ద్రవం, డై పెనిట్రెంట్ కొట్టి చూస్తే పగుళ్లు లేవు. గుండ్రం కూడా హద్దులోనే ఉంది. అలారం మోగగానే ఇంజిన్ ఆపిన ఫలితం ఇది. ఇంకాసేపు నడిచి ఉంటే షాఫ్ట్ గ్రైండింగ్ దాకా వెళ్లేది, అది వేరే ఖర్చు, వేరే కథ. నూనె రాయితో తేలిగ్గా మెరుగుపెట్టి, ఆయిల్ రంధ్రం అంచులు చూసుకుని వదిలేశాం.

రాణిగంజ్ నుంచి జాకింగ్ బోల్టులు, షిమ్ములు, ఫోమ్ పట్టీలు వచ్చాయి. రెజిన్ ఆర్డర్ పెట్టాం.

రోహిణి కార్తె మొదలైంది

పాత గ్రౌట్ కొట్టడం మొదలుపెట్టాం. నూనె తాగిన భాగం ఎంతవరకూ ఉందో పైనుంచి చూస్తే తెలియదు. కొట్టుకుంటూ పోవాలి. ఉలి కింద పొడి రాలినంతసేపూ ఆగకూడదు. కంకర విరిగి, లోపల పొడిగా, తెల్లగా కనిపించాకే ఆపాలి. హెల్పర్ తమ్ముళ్లు ఇద్దరూ ఎండలో, దుమ్ములో ఆ పని ఓపిగ్గా చేశారు. ఒకచోట అనుకున్నదానికి రెట్టింపు లోతు పోవాల్సి వచ్చింది.

క్రాంక్‌కేస్ తలుపులకి ప్లాస్టిక్ షీటు కట్టి టేపు వేశాం. గ్రౌట్ దుమ్ము ఒక చిటికెడు లోపల పడినా కొత్త షెల్స్‌కి ముప్పే. బనియన్ వేస్ట్ (బనియన్ గుడ్డ పేలికలు) మాత్రం ఇంజిన్ దరిదాపుల్లోకి రానివ్వలేదు. దాని దారాలు ఆయిల్ స్ట్రైనర్ దాకా పోతాయి. లోపల తుడవడానికి నూలు రాలని గుడ్డే.

తర్వాత ఎపాక్సీ గ్రౌట్‌తో దిమ్మ పైభాగం కట్టి, పాదాల కింద రెజిన్ చాక్ పోయడానికి ఖాళీ వదిలాం. ఇక ఆల్టర్నేటర్ ఎత్తాలి. ఎంత ఎత్తాలి అన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. దిగింది 0.65 కదా, అంతే ఎత్తితే సరిపోతుందా? సరిపోదు. ఇంజిన్ వేడెక్కితే పెరుగుతుంది. పాదం నుంచి క్రాంక్ షాఫ్ట్ మధ్య గీత దాకా ఎత్తు సుమారు 600 మిల్లీమీటర్లు. పోత ఇనుము ఒక డిగ్రీకి మిల్లీమీటరుకి 0.000011 చొప్పున పెరుగుతుంది. ఆగి ఉన్నప్పటి ఫ్రేమ్ వేడికీ, లోడు మీద ఉన్నప్పటి వేడికీ 40 డిగ్రీల తేడా అనుకుంటే 600 × 0.000011 × 40, అంటే 0.26 మిల్లీమీటర్లు. ఆల్టర్నేటర్ పాదాలు అంత వేడెక్కవు. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ కొంచెం ఎత్తులో ఉండాలి, వేడెక్కాక ఇంజిన్ పైకి లేచి దాన్ని అందుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు సున్నా పెట్టుకుంటే నడిచేటప్పుడు మళ్లీ మైనస్‌లోకే పోతాం.

అయితే లెక్క దారి చూపిస్తుందంతే, ఆఖరి మాట గేజ్‌దే. ఏడో బేరింగ్‌లో కొత్త షెల్స్ వేసి, క్యాప్ ఎక్కించి, స్టడ్‌లు మాన్యువల్ చెప్పిన ప్రెషర్‌కి లాగి, నట్టు చేత్తో ఆనించి ప్రెషర్ వదిలాం. షెల్ అంచులు ఒక నలుసు కూడా అరగదీయలేదు. పట్టు కోసమే అవి కాస్త పొడుగ్గా చేస్తారు, అరగదీస్తే షెల్ లోపల తిరిగిపోతుంది. ఫ్లైవీల్ కింది జాక్ తీశాక, ఆరో క్రాంక్‌లో గేజ్ పెట్టి, నాలుగు మూలలా జాకింగ్ బోల్టులు కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ షాఫ్ట్ పూర్తిగా తిప్పి చదివాం. −9 నుంచి −6, తర్వాత −3, −1. +2 దగ్గర ఆగాం. ఎయిర్ గ్యాప్ చూస్తే ఫ్లైవీల్ చివర పైన 3.95, కింద 3.55. వేడెక్కితే ఆ తేడా కూడా సర్దుకుంటుంది.

పక్కపక్కలకి కూడా చూసుకున్నాం, అడ్డం డిఫ్లెక్షన్ ఒకటి లోపలే.

మర్నాడు, రెజిన్ పోసిన రోజు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ వేడిలో రెజిన్ బకెట్‌లోనే గట్టిపడిపోతుంది, పాదం కింద మూలలకి పారే టైమ్ ఇవ్వదు. డబ్బాలు రాత్రంతా ఏసీ ఉన్న కంట్రోల్ రూమ్‌లో ఉంచి, సూర్యుడు రాకముందే కలిపాం. చుట్టూ ఫోమ్ పట్టీ గోడ, బోల్టు రంధ్రాలకి పుట్టీ, పాదం అడుగుకి, బోల్టులకి అంటుకోకుండా స్ప్రే. ఒకే మూల నుంచి పోశాం. రెండు పక్కలనుంచి పోస్తే గాలి మధ్యలో చిక్కుకుంటుంది, ఆ బుడగ ఉన్నచోట చాక్ ఉన్నా లేనట్టే. అవతలి మూల నుంచి రెజిన్ పైకి ఉబికి రావడం చూశాక ఉస్తాద్ ముఖంలో నవ్వు కనిపించింది.

అదే మిశ్రమం కొంచెం పేపర్ కప్పులో పోసి పక్కన పెట్టించాను. పాదం కింద ఉన్నది గట్టిపడిందా లేదా అని ఊహించే పని లేకుండా ఈ కప్పుదే పరీక్ష. అది రాయిలా అయ్యాక జాకింగ్ బోల్టులు వదులు చేసి, ఫౌండేషన్ బోల్టులు దశలవారీగా బిగించి, మళ్లీ డిఫ్లెక్షన్ తీశాం. ఆరో క్రాంక్ +2. బిగించడంలో ఏమీ కదల్లేదు.

జూన్ మొదటి వారం, రన్నింగ్

మొదటిసారి కొద్ది నిమిషాలే, లోడు లేకుండా. ఆపి, ఆగాల్సినంతసేపు ఆగి, తలుపులు తీసి, ప్రతి బేరింగ్ క్యాప్ దగ్గరా చేయి పెట్టి చూశాం. ఏడోది ఆరోదానికంటే వేడిగా లేదు. సంప్ అడుగున లోహపు పొడి కోసం అయస్కాంతం తిప్పాం, గుడ్డతో తుడిచి వెలుతుర్లో చూశాం. ఏమీ లేదు. రెండోసారి ఎక్కువసేపు. మూడోసారి ఇంకా ఎక్కువ. కొత్త షెల్‌ని ఇలాగే పనికి అలవాటు చేయాలి, మొదటి రోజే లోడు ఎక్కించాలని మేనేజ్‌మెంట్ ఎంత తొందరపెట్టినా.

తర్వాత పరీక్ష కోసం కరెంటు లోడు ఇచ్చే పరికరం, లోడ్ బ్యాంక్ అద్దెకి తెప్పించి పావు, సగం, ముప్పావు లోడుకి ఎక్కించాం. ఎగ్జాస్ట్ టెంపరేచర్లు ఇంజిన్ తయారుచేసినవాళ్ల టెస్ట్ షీట్ కంటే ఎక్కువ కనిపించేసరికి షిఫ్ట్ ఇన్‌చార్జ్ కంగారుపడ్డారు. ఆ షీట్ 25 డిగ్రీల గాలికి, 100 కిలోపాస్కల్ పీడనానికి సరిచేసిన లెక్క. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ గాలి పీడనం సుమారు 95 కిలోపాస్కల్. పైగా షెడ్డులో ఆ రోజు 40 దగ్గర ఉంది. గాలి పలచనైతే ఎగ్జాస్ట్ వేడి పెరగడం మామూలే. చూడాల్సింది ఆరు సిలిండర్ల మధ్య తేడా. అవి ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

ముప్పావు లోడు మీద వేడి నిలకడగా అయ్యేదాకా నడిపి ఆపాం. తలుపులు తీయడానికి ఆగాల్సిన సమయం ఆగి, ఇక ఒక్క నిమిషం వృథా చేయకుండా వేడి డిఫ్లెక్షన్ తీశాం. గేజ్ పెట్టే మనిషి, తిప్పే మనిషి, రాసే మనిషి ముందే ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. లోపల నూనె ఇంకా బాగా వేడిగా ఉంది, ఉస్తాద్ చేతికి గ్లవ్స్. ఆరో క్రాంక్ −2. చల్లగా +2, వేడిగా −2. మేం కోరుకున్నది ఇదే.

ఏడో బేరింగ్ టెంపరేచర్ మిగతావాటితో సమానంగా వస్తోంది.

జూన్ రెండో వారం

మృగశిర వచ్చింది, షెడ్డు మీద మొదటి వాన పడింది. కాలవ తూము బాగుచేయించాం, నీళ్లు పోసి చూస్తే ఇప్పుడు ఒక్క చుక్క నిలవడం లేదు. వెనక సీల్ మార్చాం. అసలు నూనె అక్కడికి రావడానికి అదే మొదలు, దాన్ని వదిలేస్తే ఈ పనంతా సగమే అయినట్టు.

ఫ్యాక్టరీ వాళ్లకి డిఫ్లెక్షన్ రిజిస్టర్ ఒకటి పెట్టించాను. ప్రతి రీడింగ్ పక్కన తేదీ, ఆయిల్ టెంపరేచర్, చల్లగానా వేడిగానా అన్నది రాయాలి. అవి రాయని రీడింగుని పాతదాంతో పోల్చలేం. కొద్ది గంటల రన్నింగ్ అయ్యాక ఫౌండేషన్ బోల్టులు మళ్లీ చూడాలి, కొత్త ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి. సీసం, రాగి అంకెలు కిందికి వస్తున్నాయా అన్నది ఒక్క రిపోర్టుతో తేలదు, వరుసగా చూడాలి.

పక్క షెడ్డులో ఇలాంటిదే రెండో సెట్ ఉంది. దాని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. అయినా ఉస్తాద్, ఆ హెల్పర్ తమ్ముడు కలిసి నిన్న తెల్లవారుజామున రీడింగులు తీశారు, ఈసారి గేజ్ బిగించింది తమ్ముడే. ఆరో క్రాంక్ −4, హద్దులోనే ఉంది. కానీ ఆల్టర్నేటర్ వైపు గ్రౌట్ అంచున నూనె మరకలు ఉన్నాయి, ఒక బోల్టు చప్పుడు తేడాగా వస్తోంది. వానలు ముదరకముందే ఆ గ్రౌట్ తెరిచి చూడాలని ప్లాంట్ హెడ్‌కి రాసిచ్చాను. మిగిలిన రెజిన్ డబ్బాలు కంట్రోల్ రూమ్‌లోనే ఉంచమన్నాను.